నాలుగు అరచేతుల మీద కారు: మన ఎండకి, మన వానకి ఏ టైరు?

పోయిన వానాకాలంలో ఒక రాత్రి ఎల్‌బీ నగర్ దగ్గర ఫ్లైఓవర్ దిగుతున్నాం. నాన్న డ్రైవింగ్, అమ్మ పక్కన, నేనూ చెల్లీ వెనక. వాన అప్పుడే తగ్గింది. స్పీడు నలభై ఐదు కూడా లేదు. దిగే చోట వంపులో ముందు ఒక ఆటో స్లో అయితే నాన్న బ్రేక్ మీద కాలు పెట్టారు, అంతే. కారు వెనక భాగం పక్కకి జారింది. ఒక్క సెకను తర్వాత చూస్తే మేం రోడ్డుకి అడ్డంగా ఉన్నాం. వెనక వస్తున్న బస్సు లైట్లు నేరుగా నా కిటికీలోకి పడుతున్నాయి. బస్సు ఆగింది కాబట్టి ఈ ఆర్టికల్ రాస్తున్నాను.

ఇంటికొచ్చాక నాన్న అన్నమాట ఒకటే. "టైర్లు బానే ఉన్నాయి కదరా, గాడులు కూడా అరగలేదు." మర్నాడు పొద్దున్నే మొబైల్ టార్చ్ వేసి చూశాను. నిజమే, వెనక టైర్ల గాడులు లోతుగానే ఉన్నాయి. కానీ టైరు పక్కన ఒక చిన్న గుడ్డు ఆకారపు గడిలో 3616 అని ఉంది. అదేంటో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. తొమ్మిదేళ్లుగా మేం ఆ కార్లో తిరుగుతున్నాం, ఒక్కరం కూడా ఆ నాలుగంకెలు చదవలేదు.

అక్కడి నుంచి మొదలైంది నా టైర్ల రీసెర్చ్. నేను సీఎస్ఈ, మెకానికల్ కాదు. తప్పులుంటే మెక్ వాళ్లు క్షమించండి. కానీ ఇంట్లో చిన్న కారు ఉన్న ప్రతి ఒక్కరికీ పనికొచ్చే విషయాలు కొన్ని దొరికాయి.

కారు నిలబడేది ఎంత జాగాలో?

చిన్న లెక్క. మనుషులతో కలిపి మన చిన్న కారు బరువు వెయ్యి కేజీలు అనుకుందాం. ఒక్కో టైరు మీద 250 కేజీలు. టైర్లో గాలి 30 పీఎస్‌ఐ, అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 2.1 కేజీలు. 250ని 2.1తో భాగిస్తే సుమారు 119 చదరపు సెంటీమీటర్లు. అంటే మీ అరచేయంత!

మీ ఫ్యామిలీ మొత్తం నాలుగు అరచేతుల మీద వెళ్తోందన్నమాట. బ్రేకులు ఎంత మంచివైనా, ఎయిర్‌బ్యాగులు ఎన్ని ఉన్నా, రోడ్డుని పట్టుకునేది ఆ నాలుగు అరచేతులే.

ఆ పట్టు తగ్గితే ఏమవుతుందో ఇంటర్ ఫిజిక్స్‌తోనే చెప్పొచ్చు. ఆగే దూరం వేగం వర్గానికి అనులోమంగా, ఘర్షణ గుణకానికి విలోమంగా ఉంటుంది. 60 కిలోమీటర్ల వేగంలో ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే బ్రేక్ పట్టాక దాదాపు 18 మీటర్లలో ఆగుతాం. తడి రోడ్డు మీద అది 0.4కి పడిపోతే 35 మీటర్లు. ఆ తేడా పదిహేడు మీటర్లు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ ముందు సాయంత్రం ఆరింటికి ఆ పదిహేడు మీటర్లలో ఎంతమంది మనుషులుంటారో మీకే తెలుసు.

టైరు పక్కన రాసిన కోడ్

మా కారు టైరు మీద 155/65 ఆర్14 75టీ అని ఉంటుంది. మనకి అలవాటైన పద్ధతిలో పార్స్ చేద్దాం.

155 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే టైరు పక్క గోడ ఎత్తు, వెడల్పులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్. 14 అంటే రిమ్ము 14 అంగుళాలు. 75 అనేది బరువు కోడ్, ఒక్కో టైరు 387 కేజీల వరకు మోయగలదు. టీ అనేది వేగం కోడ్, గంటకి 190 కిలోమీటర్ల వరకు. ఎస్ అయితే 180, హెచ్ అయితే 210.

ఇక ఆ గుడ్డు గడిలోని నాలుగంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మా 3616 అంటే 2016లో 36వ వారం. అంటే ఆ టైర్లు పుట్టేటప్పటికి నేను ప్రైమరీ స్కూల్లో ఉన్నాను.

రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాల్లోని ఆక్సిజన్, ఓజోన్, ఎండలోని అల్ట్రావయొలెట్ కలిసి దాన్ని గట్టిపరుస్తాయి, సన్నటి పగుళ్లు వస్తాయి. మా కారు వారంలో ఐదు రోజులు అపార్ట్‌మెంట్ బయట ఎండలోనే ఉంటుంది. తక్కువ తిరిగింది కాబట్టి గాడులు అరగలేదు, కానీ రబ్బరు చెక్కలా అయిపోయింది. మనం గాడులు చూసి "బానే ఉంది" అనుకుంటాం, వయసు చూడం. ఐదేళ్లు దాటాక ఏడాదికోసారి తెలిసినవాళ్లతో చెక్ చేయించాలని, ఎంత బాగా కనిపించినా పదేళ్లకి మించి వాడొద్దని పెద్ద టైర్ కంపెనీలే చెప్తాయి. పదేళ్లనేది ఆఖరి గీత మాత్రమే. మన ఎండల్లో నిలబడే కారుకి అంతవరకు ఆగకపోవడమే మంచిది.

గాడుల సంగతి కూడా చెప్పుకోవాలి. కారు టైరుకి కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలని మన మోటారు వాహనాల నిబంధనలు చెప్తాయి. కొలవడానికి స్కేలు అక్కర్లేదు. గాడి లోపల అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్ల లెవెల్‌కి వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే. వానాకాలానికి ముందైతే అంతవరకు ఆగొద్దు.

ఎండాకాలం: గాలి తగ్గించాలా?

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటడం మామూలే. నల్లటి తారు రోడ్డు గాలికంటే ఇంకా బాగా వేడెక్కుతుంది. అప్పుడు మనోళ్లందరూ ఇచ్చే సలహా ఒకటుంది. "ఎండకి గాలి ఉబ్బుతుంది, కొంచెం తగ్గించి కొట్టించు, లేకపోతే టైరు పేలుతుంది."

సగం నిజం. గాలి ఉబ్బుతుంది. 25 డిగ్రీలప్పుడు 30 పీఎస్‌ఐ పెడితే, 45 డిగ్రీలకి అది దాదాపు 33 అవుతుంది. కెమిస్ట్రీలో చదివిన గే లూసాక్ సూత్రమే. వాతావరణ పీడనం 14.7 కలిపి లెక్కేయాలి, డిగ్రీలని కెల్విన్‌లోకి మార్చాలి, అంతే. కానీ ఆ మూడు పాయింట్లు పెరుగుతాయని టైరు చేసేవాళ్లకి ముందే తెలుసు, దానికి తగ్గట్టే చేస్తారు.

అసలు ప్రమాదం గాలి తక్కువుంటే వస్తుంది. గాలి తక్కువైతే టైరు ప్రతి రౌండ్‌లోనూ ఎక్కువ వంగి, మళ్లీ సాగుతుంది. ఒక ఇనప తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే వేడెక్కుతుంది చూడండి, అలాగే. పక్క గోడలు లోపల్నుంచి కాలిపోతాయి. మే నెల మధ్యాహ్నం, విజయవాడ హైవే, గాలి తక్కువ, లోపల ఐదుగురు, డిక్కీ నిండా సామాను. టైర్లు పేలేది ఇలాంటప్పుడే.

ఇంకో తప్పు, వేడి టైర్లో గాలి చూసి తగ్గించడం. 33 చూపించిందని 30కి దించితే, రాత్రి చల్లబడ్డాక అది 27కి వచ్చేస్తుంది. అందుకే గాలి పొద్దున్నే, బండి రెండు మూడు కిలోమీటర్లకి మించి నడవకముందే చూపించుకోవాలి. ఎంత పెట్టాలన్నది డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద రాసి ఉండేది అది తట్టుకునే గరిష్ఠ పీడనం, దాన్ని పెట్టించకండి. ఫుల్ లోడుకి స్టిక్కర్ మీద వేరే అంకె ఉంటే, సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు అది పెట్టించాలి.

నైట్రోజన్ సంగతా? మామూలు గాల్లోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. పెట్టిస్తే నష్టం లేదు, కానీ నెలకోసారి గాలి చూపించుకునే అలవాటుకి అది బదులు కాదు.

వానాకాలం: గాడులు ఎందుకున్నాయి?

ఇది నాకు కొత్త విషయం. పూర్తిగా పొడి రోడ్డు మీద గాడులు లేని టైరే బాగా పట్టుకుంటుంది. రేస్ కార్లకి నున్నటి టైర్లు వేసేది అందుకే. గాడులు ఉన్నది నీళ్ల కోసం. ముందున్న నీటిని తోడి పక్కకి, వెనక్కి పంపించే కాలువలవి. కాలువ పూడితే కాలనీ మునుగుతుంది. సరూర్‌నగర్ చెరువు కింద ఉన్నవాళ్లకి ఇది వివరించక్కర్లేదు.

వేగం పెరిగేకొద్దీ నీటిని తోడే టైమ్ తగ్గుతుంది. ఒక స్థాయి దాటాక టైరు నీటి మీదకి ఎక్కేస్తుంది. రోడ్డుకీ టైరుకీ మధ్య నీటి పొర వచ్చేస్తుంది, స్టీరింగ్ ఒక్కసారిగా తేలికవుతుంది, బ్రేక్ పనిచేయదు. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. 1960ల్లో నాసాలో వాల్టర్ హోర్న్ బృందం విమానాల టైర్ల మీద పరిశోధించి దీనికో సింపుల్ ఫార్ములా ఇచ్చింది. గాలి పీఎస్‌ఐ వర్గమూలాన్ని సుమారు 16.7తో గుణిస్తే గంటకి కిలోమీటర్లలో ఆ వేగం వస్తుంది. గాడుల లోతుని మించి నీళ్లు నిలిచినప్పటి లెక్క ఇది.

30 పీఎస్‌ఐ అయితే 91 కిలోమీటర్లు. గాలి 20కి పడిపోతే 75 మాత్రమే.

ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు గుర్తు తెచ్చుకోండి. పెద్ద అంబర్‌పేట దగ్గర ఎక్కుతాం. 2023లో అక్కడ గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచారు. బోర్డు మీద 120 ఉంది కదా అని జోరు వానలో 110లో వెళ్తే, మన కారు ఆ లెక్క ప్రకారం తేలే వేగం ఎప్పుడో దాటేసింది. ఆ బోర్డు పొడి రోడ్డుకి రాసింది. వానకి మన బోర్డు మనమే రాసుకోవాలి.

సిటీలో ఆ వేగం ఉండదు కానీ వేరే ఉచ్చులున్నాయి. మొదటి వాన చాలా మోసం చేస్తుంది. నెలల తరబడి పడిన ఆయిల్, దుమ్ము నీళ్లతో కలిసి సబ్బులా అవుతాయి. చైతన్యపురి, కొత్తపేట వైపు మెట్రో పిల్లర్ల పక్కన వెళ్తుంటే తెల్ల పెయింట్ గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ జాయింట్ల దగ్గర ఇనప పట్టీలు అన్నీ తడిస్తే జారతాయి. కామినేని, బైరామల్‌గూడ ఫ్లైఓవర్లు దిగేటప్పుడు బ్రేక్ వంపు మొదలవకముందే పట్టాలి, వంపు మధ్యలో కాదు. మేం చేసిన తప్పు అదే.

ఒక్క విషయం మాత్రం ఏ టైరూ చేయలేదు. 2020 అక్టోబర్ 13న కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటింది, మన వైపు కాలనీల్లోకి చెరువు నీళ్లొచ్చాయి, కార్లు కాగితప్పడవల్లా తేలాయి. ఎందుకంటే చిన్న కారు అడుగు భాగం దాదాపు ఐదు చదరపు మీటర్లు. ఫ్లోర్ పైన పది సెంటీమీటర్ల నీళ్లు వస్తే ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం అర టన్ను పైకి లేపే బలం వస్తుంది. ఖాళీ కారు బరువే 850 కేజీల దగ్గర. ఇంకో ఏడెనిమిది సెంటీమీటర్లు చాలు. ఫ్లోర్ ఎత్తు కూడా కలిపితే మోకాలు లోతు కూడా కాని నీళ్లవి. అలాంటి చోట కొత్త టైరైనా పాత టైరైనా ఒకటే. వెనక్కి తిప్పడమే తెలివి.

చలికాలం: మనకి వింటర్ టైర్లు కావాలా?

అక్కర్లేదు. వింటర్ టైర్ల రబ్బరు దాదాపు 7 డిగ్రీల కంటే తక్కువ చలిలో కూడా మెత్తగా ఉండేలా చేస్తారు. మన దగ్గర మామూలు చలికాలం పొద్దుల్లో 12, 15 డిగ్రీలు ఉంటుంది. ఇక్కడ అవి వేస్తే తొందరగా అరిగిపోతాయి, ఎండకి మరీ మెత్తబడతాయి.

కానీ మనలో చాలామంది ఎంఎస్‌కి వెళ్లే ప్లాన్‌లో ఉన్నారు కాబట్టి ఇది తెలుసుకోండి. అక్కడ టైరు మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ఉంటే అది మంచులో పరీక్ష పాసైన టైరు. ఉత్త ఎం ప్లస్ ఎస్ అని మాత్రమే ఉంటే ఆ పరీక్ష పాసైనట్టు కాదు. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఇక్కడ ఎండలో నేర్చుకున్న డ్రైవింగ్‌తో, సెకండ్ హ్యాండ్ కారు మీద ఉన్న టైర్లతో అక్కడి మంచులోకి దిగకండి.

మన చలికాలంలో చూసుకోవాల్సింది గాలి ఒక్కటే. 25 డిగ్రీలప్పుడు 30 పెడితే 15 డిగ్రీల పొద్దున అది 28.5 అవుతుంది. సంక్రాంతి పొద్దున చౌటుప్పల్, నార్కట్‌పల్లి వైపు పొగమంచులో బయల్దేరే ముందు ఒకసారి చూపించుకోండి.

మరి ఏం కొనాలి?

అన్నిట్లోనూ బెస్ట్ టైరు ఉండదు. తడిలో పట్టు, ఎక్కువ కాలం మన్నిక, మైలేజీ. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతుంది. మన అల్గారిథమ్స్‌లో టైమ్, స్పేస్ గొడవ లాంటిదే. రబ్బరులో సిలికా కలపడం లాంటి పద్ధతులతో కంపెనీలు ఈ గొడవని కొంచెం తగ్గించాయి, తీసేయలేదు. మన ప్రభుత్వం కూడా 2022లో కారు టైర్లకి తడి పట్టు, దొర్లే నిరోధం, చప్పుడు మీద ప్రమాణాలు నోటిఫై చేసింది.

కొన్ని టైర్ల మీద ట్రాక్షన్, టెంపరేచర్ అని గ్రేడులు కూడా ఉంటాయి. ట్రాక్షన్ అంటే తడి రోడ్డు మీద బ్రేక్ పట్టు, ఏఏ అన్నిటికంటే మంచిది, తర్వాత ఏ, బీ, సీ. టెంపరేచర్ అంటే వేడిని తట్టుకోవడం, ఏ మంచిది. మన ఊరికి ఈ రెండూ కావాలి. ట్రెడ్‌వేర్ అనే అంకె పెద్దదైతే ఎక్కువ కాలం వస్తుంది, కానీ అదొక్కటే చూసి కొనకండి.

వెడల్పు టైర్లు వేస్తే లుక్ వస్తుందని మా ఫ్రెండ్ అన్నాడు. 155 బదులు 165/65 వేస్తే చక్రం వ్యాసం 557 నుంచి 570 మిల్లీమీటర్లు అవుతుంది. స్పీడోమీటర్ 100 చూపిస్తే నిజంగా 102 దాటి వెళ్తుంటాం. పైగా వెడల్పు టైరు ఎక్కువ నీటిని తోడాలి కాబట్టి, మిగతావన్నీ ఒకటే అయితే వానలో ముందుగా తేలుతుంది. కంపెనీ ఇచ్చిన సైజే ఉంచడం మేలు. సెకండ్ హ్యాండ్ టైర్లు చవకే, కానీ అవి ఎంత బరువు మోశాయో, ఎన్నిసార్లు గాలి లేకుండా నడిచాయో చూసి చెప్పలేం. కొత్తవి కొన్నా డేట్ కోడ్ చూడందే బిల్లు కట్టకండి.

రెండే కొంటే ఎక్కడ వేయాలి?

మా కారు ఎందుకు తిరిగిందో దీనిలోనే ఉంది. 2021లో నాన్న రెండు టైర్లే కొన్నారు. ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే కాబట్టి కొత్తవి ముందు వేయమని ఒక షాపతను చెప్పాడు. పాతవి వెనక ఉండిపోయాయి.

లాజిక్ బానే ఉంది కానీ తప్పు. ముందు టైర్లు జారితే కారు నేరుగా వెళ్తుంది, మనకి స్టీరింగ్‌లో తెలుస్తుంది, కాలు తీస్తే చాలాసార్లు పట్టు తిరిగి వస్తుంది. వెనక టైర్లు జారితే కారు గిర్రున తిరుగుతుంది, మనలాంటి మామూలు డ్రైవర్‌కి దాన్ని ఆపడం దాదాపు కుదరదు. అందుకే రెండే కొంటే కొత్తవి వెనక వేయాలి, కారు ఏ చక్రాలతో నడిచినా సరే.

ఆ నెలలోనే నా కాలేజీ ఫీజు కట్టాలి. నాలుగు టైర్లు కొనే పరిస్థితి లేదు. ఇంతకుముందైతే నాన్న "దసరా తర్వాత చూద్దాంలే" అనేవారు. ఈసారి అనలేదు. రెండు కొత్తవి కొన్నాం, అదే సైజు, రెండు నెలల కిందట తయారైనవి. వేరే షాపులో ఇతను కూడా ముందు వేయబోయాడు. నాన్న ఆపి, "వెనక వేయి తమ్మీ, మా అబ్బాయి లెక్కలేసి చెప్పాడు" అన్నారు. అతను నవ్వాడు కానీ వేశాడు. ముందున్న 2021 టైర్లు ఇంకా మెత్తగానే ఉన్నాయి, వాటిని వచ్చే ఏడాది మార్చాలని ఫ్రిజ్ మీద రాసి పెట్టాం. స్టెప్నీ తీసి చూస్తే అది కూడా 2016దే. దాన్ని అవసరం పడితే ఇంటిదాకా మెల్లగా వెళ్లడానికి మాత్రమే ఉంచుకున్నాం.

ఇంత చదివిన మీకు ఒక చిన్న పని. ఈ ఆదివారం ఇంటికెళ్లినప్పుడు కారు దగ్గర కింద కూర్చుని, స్టెప్నీతో కలిపి ఐదు టైర్ల మీదా ఆ నాలుగంకెలు చదవండి. ఒక్కోసారి ఆ గడి టైరుకి లోపలి వైపు ఉంటుంది, అప్పుడు కింద దూరి చూడాలి. ఐదు నిమిషాల పని. చదివింది అమ్మానాన్నలకి చెప్పండి. మా ఇంట్లో ఆ నాలుగంకెలు చదవడానికి ఒక బస్సు డ్రైవర్ టైమ్‌కి బ్రేక్ వేయాల్సి వచ్చింది. మీకు ఆ అవసరం రాకూడదు.